మంట మచ్చల డేటా: బర్నర్‌లో సగటు విరామం మరీ తక్కువ, ఎస్‌ఈఏ గ్రాఫు చప్పగా వస్తోంది

కార్చిచ్చు88
న్యూ మెక్సికోలోని జెమెజ్ కొండల పాండరోసా పైన్ డేటా ఇది. చెట్లు 14. చెట్టు వలయాల్లో మంట మచ్చల తేదీలు రాసిన ఫైలు ఎఫ్‌హెచ్‌ఎక్స్ ఫార్మాట్, విశ్లేషణ ఆర్ అనే గణాంక భాషలో, మంట చరిత్రల కోసం ఉన్న బర్నర్ ప్యాకేజీతో. రెండు చోట్ల ఆగిపోయింది.

ఒకటి: అన్ని చెట్ల మచ్చలనూ కలిపి మంట సంవత్సరాలు తేల్చే కాంపోజిట్ ఫంక్షన్‌ని డిఫాల్ట్ ఫిల్టర్లతో నడిపితే 1500లు, 1600ల్లో కుప్పలుగా మంట సంవత్సరాలు వస్తున్నాయి. 1800ల్లో మాత్రం ఫైల్లో కళ్లకు కనిపించే పెద్ద మంటలు కూడా జారిపోతున్నాయి. దాంతో మంటకీ మంటకీ మధ్య సగటు విరామం నమ్మబుద్ధి కావడం లేదు.

రెండు: ఆ సంవత్సరాలనే కరువు సూచీ పీడీఎస్ఐతో ఎస్‌ఈఏలో (మంట ఏడాదుల్లో, వాటి ముందూ వెనకా సగటు వాతావరణం ఎలా ఉందో చూసే పద్ధతి) పెడితే మంట ఏడాదిలో గట్టి కరువు కనపడాలి కదా. ఇక్కడ ముందు ఏడాదికీ మంట ఏడాదికీ మధ్య చిన్న గుంటలా పరుచుకుంది. యాదృచ్ఛికం కాదని చెప్పే ఏ గీతనూ దాటలేదు. ఎక్కడ వెతకాలి?

(ఫంక్షన్ల పేర్లు ఉచ్చారణ ప్రకారం తెలుగులో రాస్తున్నా. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్.)

ఉప్పుకాగితం
ఆర్ మూసేసి ముందు చెక్క ముక్కల దగ్గరికి వెళ్లండి. గుంట రెండేళ్ల మీద పరుచుకుందంటే మొదటి అనుమానం కాలనిర్ణయం మీదే. కొన్ని చెట్ల తేదీలు ఒక ఏడాది అటూ ఇటూ అయి ఉంటాయి.

పాండరోసా పైన్ విపరీతమైన కరువు ఏడాదిలో చెట్టు చుట్టూ పూర్తి వలయం వేయదు. ఒక పక్క వేసి ఇంకో పక్క వదిలేస్తుంది. బెరడు నుంచి లోపలికి లెక్కపెడుతూ అలాంటి వలయం ఒక్కటి దాటేస్తే, దానికి లోపల ఉన్న మచ్చలన్నీ ఒక్కో ఏడాది ముందుకు జరుగుతాయి. అంటే 1747 మంట 1748 అవుతుంది. మచ్చ పక్కన వలయాలు ఎలాగూ ఒంకర పోయి ఉంటాయి కాబట్టి అక్కడ లెక్కపెట్టకూడదు. మచ్చకు దూరంగా, గీతలు సాఫీగా ఉన్న వైపు తేదీలు వేసి, ఒక వలయాన్ని పట్టుకుని మచ్చ దాకా రావాలి.

ఆ ప్రాంతానికి తేలికైన పరీక్ష ఒకటుంది. 1747 మంచి వానల ఏడాది, వలయం వెడల్పు. 1748 ఎండు ఏడాది, వలయం సన్నం. నైరుతి అమెరికా అంతటా ఎక్కువ చోట్ల మంట మచ్చలున్న ఏడాది కూడా 1748 యే. మీ 14 ముక్కల్లోనూ ఈ వెడల్పు-సన్నం జంట సరిగ్గా అక్కడే పడిందా? పడని ముక్కను పక్కన పెట్టి మళ్లీ తేదీ వేయండి.

వలయాల వెడల్పు కొలతలు ఉంటే, ఆర్‌లోనే వలయాల విశ్లేషణకి ఉన్న డీపీఎల్‌ఆర్ ప్యాకేజీలో సెగ్మెంట్ల వారీ సహసంబంధం చూసే ఫంక్షన్ ఉంది. 50 ఏళ్ల ముక్కలుగా చూపిస్తుంది. ఒక చెట్టులో 1790 దాకా బాగుండి అంతకు ముందు ముక్కలన్నీ పడిపోతే, 1790 దగ్గర్లో వలయం తప్పిందనే అర్థం. పాత కోఫెకా ప్రోగ్రామ్ చేసేదీ ఇదే పని.

నునుపు కూడా చాలా ముఖ్యం. బెల్ట్ శాండర్ మీద 80 నంబరు ఉప్పుకాగితంతో మొదలెట్టి 120, 220, 320, 400 దాకా వరసగా పోవాలి, ఏదీ దాటేయకూడదు. సూక్ష్మదర్శినిలో ఒక్కో కణం విడిగా కనపడకపోతే సన్న వలయాలు రెండు కలిసి ఒకటిగా కనిపిస్తాయి.

మధ్యగతం
కాలనిర్ణయం సంగతి పైన చెప్పారు. మొదటి చిక్కు మాత్రం పూర్తిగా ఫిల్టర్లదే. కాంపోజిట్‌లో డిఫాల్ట్‌లు మూడు: ఫిల్టర్_ప్రాప్ 0.25, ఫిల్టర్_మిన్_రెక్ 2, ఫిల్టర్_మిన్_ఈవెంట్స్ 1. అంటే ఆ ఏడాది "రికార్డు చేస్తున్న" చెట్లు కనీసం 2 ఉండి, వాటిలో 25 శాతానికి మచ్చ ఉంటే చాలు. ఒక్క చెట్టుకే మచ్చ ఉన్నా సరే.

లెక్క వేసి చూడండి. 1600లో రికార్డు చేస్తున్నవి 3 చెట్లే అనుకుందాం. ఒకదానికి మచ్చ పడితే 33 శాతం, పాస్. 1850లో 14 చెట్లూ రికార్డు చేస్తున్నాయి, మూడింటికి మచ్చ. అది 21 శాతం, ఫెయిల్. ఒక చెట్టు మొదలు కాలిన మంట లెక్కలోకి వచ్చింది, మూడు చెట్లను తాకిన మంట పోయింది. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే.

చేయాల్సింది:
ఫిల్టర్_మిన్_ఈవెంట్స్‌ని 2 చేయండి. ఒంటి చెట్టు మచ్చలు పోతాయి.
ఫిల్టర్_మిన్_రెక్‌ని 3 లేదా 4 చేయండి.
శాతాన్ని 0, 0.10, 0.25 మూడింటికీ నడిపి మూడు జవాబులూ పక్కపక్కన పెట్టండి. ఒక్క అంకె మాత్రమే ఇచ్చే నివేదికను నేనైతే నమ్మను.

ఇంకో ఉచ్చు ఉంది. గ్రాఫు గీసేటప్పుడు కింద కాంపోజిట్ గీతలు వేయమని అడిగితే, అవి మీరు చేసుకున్న కాంపోజిట్ నుంచి రావు. ప్లాట్ ఫంక్షన్ తన డిఫాల్ట్ ఫిల్టర్లతో మళ్లీ లెక్క కట్టి గీస్తుంది. అవే మూడు విలువలు ప్లాట్‌కి కూడా ఇవ్వకపోతే పట్టికలో ఒకటి, బొమ్మలో ఒకటి వస్తాయి. అచ్చయ్యాక ఎవరో ఒకరు పట్టుకుంటారు.

కార్చిచ్చు88
1748 పరీక్షలో రెండు ముక్కలు తప్పాయి. రెండింటిలోనూ మచ్చలు ఒక ఏడాది ముందుకు జరిగి ఉన్నాయి. మళ్లీ తేదీలు వేస్తున్నా. ఫిల్టర్లు మార్చాక 1600ల కుప్ప తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఫైలు తెరిచి చూస్తే ప్రతి చెట్టుకీ లోపలి వలయం నుంచి బయటి వలయం దాకా అంతా నిలువు గీతే ఉంది, ఎక్కడా చుక్క లేదు. అది తప్పేనా?

ఉప్పుకాగితం
తప్పే. అసలు రోగం అక్కడుంది.

ఎఫ్‌హెచ్‌ఎక్స్‌లో నిలువు గీత అంటే "ఈ ఏడాది మంట వచ్చి ఉంటే ఈ చెట్టు రాసుకునేది" అని అర్థం. చుక్క అంటే "ఈ ఏడాది గురించి ఈ చెట్టుని అడగొద్దు" అని. ప్రతి ఏడాదీ నిలువు గీత పెడితే సాఫ్ట్‌వేర్ మౌనాన్ని కూడా సాక్ష్యంగా తీసుకుంటుంది.

పాండరోసా పెరిగాక దాని బెరడు మందం. మామూలు నేల మంట కింద గడ్డినీ సూదులనీ కాల్చుకుంటూ పోతుంది, లోపల కేంబియంకి (కొత్త కలప వేసే పొర) వేడి తగలదు. ఒకసారి ఎలాగో గాయమైందనుకోండి, ఆ చోట బెరడు పల్చబడుతుంది, జిగురు కారి పేరుకుంటుంది. తర్వాతి మంట అక్కడ తేలిగ్గా అంటుకుంటుంది. అందుకే మొదటి మచ్చ పడే దాకా చుక్కలు, ఆ తర్వాత నిలువు గీతలు. ఇదీ ఆచారం.

మొదటి మచ్చ తర్వాత కూడా మళ్లీ చుక్కలు రావచ్చు. గాయం పూర్తిగా మూసుకుపోయి పైన మామూలు బెరడు ఏర్పడితే, ఆ కాలం చుక్కలే. మచ్చ పక్క వలయాలు తర్వాతి మంటలో కాలిపోయినా, పుచ్చిపోయినా, పురుగు తిన్నా అక్కడా చుక్కలే. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు. చెక్కే లేని చోట మచ్చ లేదని ఎలా అంటాం?

మిగతా గుర్తులు కూడా సరిచూసుకోండి. చదరపు బ్రాకెట్ తెరిస్తే దవ్వ, మూస్తే బెరడు. మీసాల బ్రాకెట్ తెరిస్తే దవ్వ దొరకని ముక్కలో లోపలి వలయం, మూస్తే బెరడు లేని ముక్కలో బయటి వలయం. పెద్ద అక్షరం మంట మచ్చ. చిన్న అక్షరం గాయం, అది మంట వల్లేనని గట్టిగా చెప్పలేనిది. కాంపోజిట్ డిఫాల్ట్‌గా చిన్న అక్షరాలను లెక్కలోకి తీసుకోదు. కాబట్టి క్యాప్స్‌లాక్ తేడా వస్తే చరిత్రే మారిపోతుంది.

కోడింగ్ సరిచేశాక సిరీస్_స్టాట్స్ నడపండి. ఒక్కో చెట్టుకి మొత్తం ఏళ్లు, రికార్డు చేసిన ఏళ్లు, మచ్చలు వస్తాయి. రికార్డు చేసిన ఏళ్లు మొత్తం ఏళ్లతో సమానంగా ఉంటే ఆ చెట్టు కోడింగ్ మళ్లీ చూడాలి.

రేంజ్‌లెక్క
ఒక్క అభ్యంతరం. మొదటి మచ్చకి ముందు కాలాన్ని పూర్తిగా చుక్కలు చేస్తే ఆ ఏళ్లలో శాతం పెరుగుతుంది, ఎందుకంటే హారం తగ్గింది. 1600ల కుప్ప తగ్గాలంటే ఇది ఎదురు పని చేస్తుంది కదా?

మధ్యగతం
రేంజ్‌లెక్క గారూ, సరైన ప్రశ్న. హారం తగ్గుతుంది, నిజమే. కానీ చుక్కలు పెట్టాక 1600ల్లో చాలా ఏళ్లలో రికార్డు చేసే చెట్లు 3 కన్నా తక్కువైపోయి మిన్_రెక్ దగ్గరే ఆగిపోతాయి. సమస్య మాయం కాదు, బయటపడుతుంది. అందుకే ఇయర్లీ_రికార్డింగ్ ఫంక్షన్‌తో ఏడాదివారీ రికార్డు చెట్ల సంఖ్య గీసి, అది 3 లేక 4 దాటి నిలకడగా ఉన్న మొదటి ఏడాదినే విశ్లేషణ మొదలుగా పెట్టుకోవాలి. అంతకు ముందువి బొమ్మలో ఉండొచ్చు, సగటులో ఉండకూడదు.

చివర కూడా కోసేయాలి. అల్బుకెర్కీకి రైలు 1880లో వచ్చింది. ఆ వెనకే గొర్రెల మందలు గడ్డి మేసేశాయి, మంట పాకడానికి నేల మీద ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత అటవీ శాఖ ఆర్పడం. చివరి మంట నుంచి చెట్టు కోసిన ఏడాది దాకా ఉన్న ఖాళీ పూర్తయిన విరామం కాదు, తెరిచి ఉన్నది. ఇంటర్వల్స్ ఫంక్షన్ రెండు మంటల మధ్య ఏళ్లే తీసుకుంటుంది కాబట్టి అది లెక్కలోకి రాదు. కానీ 1900 తర్వాత చెదురుమదురుగా ఒక మంట ఉంటే 30, 40 ఏళ్ల విరామం ఒకటి దూరి సగటును లాగేస్తుంది. 1700 నుంచి 1880 అని స్పష్టంగా రాసి, డేటాను సబ్‌సెట్ చేసి నడపండి.

కార్చిచ్చు88
ఇంటర్వల్స్‌లో వైబుల్ మీడియన్ (విరామాలకి వైబుల్ అనే వక్రం సరిపెట్టి తీసిన మధ్యగతం) చూడాలా, సగటు చూడాలా? ఆ వక్రం డేటాకి సరిపోయిందా అని చూసే కేఎస్ పరీక్ష దగ్గర "టైలు ఉన్నాయి" (ఒకే విలువ మళ్లీ మళ్లీ వచ్చింది) అని హెచ్చరిక కూడా వస్తోంది.

మధ్యగతం
విరామాలు కుడివైపు తోక సాగినవి. చిన్నవి ఎక్కువ, పొడుగువి కొన్ని. సగటు ఆ పొడుగు వాటి వైపు జరుగుతుంది. అందుకే మధ్యగతం, వైబుల్ మధ్యగతం ఇవ్వడం అలవాటు. సూత్రం చిన్నది: స్కేల్‌ని 0.693 కి 1 బై షేప్ ఘాతంతో గుణించడం. స్కేల్ 10, షేప్ 1.8 అయితే మధ్యగతం 8.2 ఏళ్లు, సగటు 8.9. తేడా పెద్దగా లేదు. షేప్ 1 దగ్గరికి వచ్చేకొద్దీ తేడా పెరుగుతుంది.

హెచ్చరిక సంగతి: విరామాలు పూర్ణాంకాలు, 7 ఏళ్లు మూడు సార్లు రావడం మామూలే. కేఎస్ పరీక్ష నిరంతర సంఖ్యల కోసం పుట్టింది, అందుకే గోల. దానికన్నా పెద్ద లోపం ఒకటుంది, దాని గురించి ఏ హెచ్చరికా రాదు. షేప్, స్కేల్ ఇదే డేటా నుంచి అంచనా కట్టి, ఇదే డేటా మీద పరీక్షిస్తున్నాం. అప్పుడు పీ విలువ ఉండాల్సిన దానికన్నా పెద్దగా వస్తుంది, దాదాపు ప్రతిదీ "సరిపోయింది" అంటుంది. కాబట్టి పీ 0.6 వచ్చిందని వైబుల్‌కి సన్మానం చేయకండి. హిస్టోగ్రామ్ మీద గీత పెట్టి కంటితో చూడండి, లాగ్‌నార్మల్‌తో కూడా ఒకసారి నడపండి. పదికన్నా తక్కువ విరామాలుంటే రెండూ వదిలేసి విరామాల జాబితా యథాతథంగా ఇవ్వడమే మర్యాద.

రేంజ్‌లెక్క
విరామం అంకె గురించి ఇంకోటి. అన్ని మంటలూ కలిపిన కాంపోజిట్‌లో ఎన్ని చెట్లు కలిపితే విరామం అంత తగ్గుతుంది. ఎంత పెద్ద ప్రాంతం తీసుకుంటే అంత తగ్గుతుంది. అది అడవి గుణం కాదు, నమూనా గుణం. 2001లో పరిశోధకులు బేకర్, ఎహ్లే ఇద్దరూ పాండరోసా అడవుల విరామాల మీద ఎత్తిన పేచీలో ప్రధాన భాగం ఇదే. ఆ పేచీకి జవాబులూ వచ్చాయి. ఆరిజోనాలోని రింకన్ కొండల్లో అధికారుల మంట పటాలతో మచ్చలను పోల్చి 2010లో ఫారిస్ బృందం పెద్ద మంటలను మచ్చలు బాగానే పట్టుకున్నాయని చూపింది. నా మటుకు: విరామం పక్కన హెక్టార్లు, చెట్ల సంఖ్య రాయకపోతే ఆ అంకెకి అర్థం లేదు.

ఉప్పుకాగితం
ఒప్పుకుంటా. ఫిల్టర్ పెట్టిన అంకె మాత్రం చెట్లు పెరిగినా త్వరగా స్థిరపడుతుంది. ఆ కారణంగానే ఫిల్టర్. 0 శాతం అంకెను పోలికలకి వాడకూడదు, అంతే.

తొలకరి
ఎస్‌ఈఏ గురించి ఎవరూ ముట్టుకోలేదు, నేను రాస్తా.

మొదట ఏ సీ ఫంక్షన్ (ఎస్‌ఈఏ చేసేది) నడిచిందో చూడండి. బర్నర్‌లోనూ డీపీఎల్‌ఆర్‌లోనూ ఒకే పేరుతో సీ ఫంక్షన్ ఉంది. రెండు ప్యాకేజీలూ లోడ్ చేస్తే తర్వాత లోడ్ చేసింది ముందుదాన్ని కప్పేస్తుంది. డీపీఎల్‌ఆర్‌ది లాగ్ 5 తీసుకుంటుంది, డేటాను స్కేల్ చేస్తుంది. బర్నర్‌ది ముందు 6, తర్వాత 4 ఏళ్లు తీసుకుంటుంది. గ్రాఫులో అక్షం చూస్తే తెలిసిపోతుంది. ప్యాకేజీ పేరు, రెండు కోలన్లు, ఆ తర్వాత ఫంక్షన్ పేరు. ఇలా పిలిస్తే గొడవే ఉండదు.

రెండోది, పీడీఎస్ఐ పట్టికలో ఏళ్లు విడి కాలమ్‌గా కాదు, వరుసల పేర్లుగా ఉండాలి. ఫైల్ చదివేటప్పుడు మొదటి కాలమ్‌ని వరుసల పేర్లుగా తీసుకోమని చెప్పకపోతే 1, 2, 3 అని పడతాయి. ప్యాకేజీతో పాటే వచ్చే పెగ్గీ మీసా డేటా, దాని పీడీఎస్ఐ పట్టిక ఉన్నాయి. ముందు వాటితో నడిపి, మీ పట్టిక అదే ఆకారంలో ఉందో లేదో పోల్చుకోండి.

మూడోది స్వసహసంబంధం. పీడీఎస్ఐలో నిన్నటి ఏడాది తడి ఈ ఏడాదిలోకి మిగులుతుంది. నైరుతి అమెరికా ప్రత్యేకత ఏమిటంటే మంటకి ఒకటి నుంచి మూడేళ్ల ముందు తడి ఏడాదులు (గడ్డి పెరగడానికి), మంట ఏడాది కరువు (ఎండడానికి). ఎదురెదురుగా ఉన్న ఈ రెండు సంకేతాలను స్వసహసంబంధం ఒకదానిలోకి ఒకటి కలిపేస్తుంది. ఏఆర్ మోడల్ (ముందు ఏళ్ల ప్రభావాన్ని లెక్కగట్టి తీసేసేది) వేసి, మిగులు విలువలను సీకి ఇవ్వండి. రెండు రూపాలూ గీసి పక్కన పెట్టండి.

నాలుగోది లక్కీ డిప్. ముందు 6, మంట ఏడాది 1, తర్వాత 4 కలిపి 11 గడులు. ఒక్కోదానికి 95 శాతం గీత. గడులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుంటే, అసలేమీ లేకపోయినా కనీసం ఒక గడి గీత దాటే అవకాశం 43 శాతం. కాబట్టి మంటకి 4 ఏళ్ల తర్వాత ఒక గడి మెరిసిందని కథ అల్లొద్దు. సెట్.సీడ్ (దీనికి మధ్యలో అండర్‌స్కోర్ కాదు, చుక్క) ఇవ్వడం మరవకండి. యాదృచ్ఛిక ఎంపికలు 1000 డిఫాల్ట్, 10,000 చేస్తే గీతలు నిలకడగా ఉంటాయి.

ఇక జెమెజ్‌కే చెందిన మాట. 1600ల నడుమ దాకా అక్కడ జెమెజ్ ప్యూబ్లో జనం పెద్ద ఊళ్లలో ఉన్నారు. కట్టెలు, పొలాలు, చిన్న చిన్న మంటలు వాళ్లవే. 1620 నుంచి 1680 లోపు వాళ్ల సంఖ్య కూలిపోయింది, మంటల తీరూ మారింది. జనం ఉన్న కాలాన్నీ లేని కాలాన్నీ ఒకే ఎస్‌ఈఏలో కలిపితే వాతావరణ సంకేతం పలచబడుతుంది. 1680 తర్వాతిది విడిగా నడపండి.

నల్లమల_బీట్
ఇదంతా మన దగ్గర టేకు మీద పనికొస్తుందా? ఆదిలాబాద్, నల్లమల వైపు.

తొలకరి
టేకు ఏటా స్పష్టమైన వలయం వేస్తుంది, మధ్య భారతంలో, కేరళలో దానితో వానల చరిత్ర కట్టారు. వలయం సంగతి అలా ఉంచితే మంట తేదీ దగ్గర జాగ్రత్త.

మన ఆకురాలు అడవుల్లో మంటలు ఫిబ్రవరి నుంచి మే దాకా. అప్పటికి చెట్టు మోడు, పెరుగుదల లేదు. తొలకరి పడ్డాక కొత్త వలయం మొదలు. కాబట్టి మచ్చ నిరుటి మలి కలపకీ ఈ ఏటి తొలి కలపకీ సరిగ్గా మధ్యన పడుతుంది. ఎఫ్‌హెచ్‌ఎక్స్‌లో అది డి, అంటే సుప్తావస్థ. దాన్ని ఏ ఏడాదికి రాయాలనేది సాఫ్ట్‌వేర్ చెప్పదు, మీరే నిర్ణయించాలి. మనకి వసంతంలో మంటలు కాబట్టి తర్వాతి వలయం ఏడాదికే రాయాలి. నైరుతి అమెరికాలోనూ అంతే, వాళ్లకి జూలై వానలకి ముందు మంటలు. కాలిఫోర్నియా, వాయవ్య అమెరికాల్లో పెరుగుదల ఆగాక వేసవి చివర, శరదృతువులో మంటలు, అందుకే వాళ్లు ముందు వలయం ఏడాదికి రాస్తారు. అక్కడి పద్ధతి చూసి ఇక్కడ రాస్తే మచ్చలన్నీ ఒక ఏడాది వెనక్కి పోతాయి.

కార్చిచ్చు గారూ, మీ గుంట పరుచుకోవడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. డి అని రాసిన మచ్చలు ఎన్ని, అన్నీ ఒకే చెయ్యి రాసిందా చూడండి.

ఉప్పుకాగితం
నల్లమల గారికి ఇంకో మాట. మచ్చలా కనిపించేదంతా మంట కాదు. హిమాలయాల చిర్ పైన్‌లో జిగురు తీయడానికి బెరడు చెక్కిన గాట్లు అచ్చం మంట మచ్చలా మూసుకుంటాయి. టేకుకి గొడ్డలి దెబ్బ, పక్క చెట్టు పడి తగిలిన దెబ్బ. బొగ్గు ఉందా, గాయం నేల దగ్గర నుంచి త్రికోణంలా లేచిందా, అదే ఏడాది పక్క చెట్లలోనూ ఉందా? మూడూ లేకపోతే చిన్న అక్షరమే రాయండి. పైగా ఏటా కాలే చోట విరామం లెక్కకి అర్థం ఉండదు, ప్రతి వలయంలోనూ మంటే.

కార్చిచ్చు88
డి మచ్చల్లో తొమ్మిది ముందు ఏడాదికి రాసి ఉన్నాయి. రెండు చేతుల పని అది, అన్నీ తర్వాతి వలయానికి మార్చా. 1748 ముక్కలు రెండూ సరయ్యాయి. 1700-1880, మిన్_రెక్ 4, మిన్_ఈవెంట్స్ 2, బర్నర్ సీనే పిలిచి నడిపితే గుంట మంట ఏడాది మీద నిలబడి 99 శాతం గీత దాటింది. ముందు రెండేళ్లు తడివైపు లేచాయి.

ఒక్కటి మిగిలింది. సరిచేసిన ఫైలు ఎఫ్‌హెచ్‌ఏఈఎస్ అనే మంట చరిత్ర సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోవడం లేదు, చెట్ల పేర్లు గజిబిజిగా వస్తున్నాయి. సైట్ల మధ్య జాకార్డ్ పోలిక (ఉమ్మడి మంట ఏడాదులు ఎంత శాతమో చూసేది) అందులో చేద్దామనుకున్నా.

రేంజ్‌లెక్క
ఫైల్ శీర్షిక కింద వరుసలో మూడు అంకెలు ఉంటాయి: మొదటి ఏడాది, చెట్ల సంఖ్య, పేరులో అక్షరాల సంఖ్య. మార్చేటప్పుడు ఏదో చెట్టు పేరు చివర "బి" తగిలించారా?

కార్చిచ్చు88
తగిలించా. 6 తీసి 7 పెట్టా, మిగతా పేర్లకి చివర ఖాళీ ఇచ్చా. తెరుచుకుంది.